చూపు మిగిలిన ఏడాది

అది మొదలైంది జూన్ నెల రెండో ఆదివారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు. సమయం ఎలా గుర్తుందంటే, పాలు పొంగించి దించి, ఆయన ఇంకా కాఫీకి రాలేదేమని గోడ గడియారం చూసి, వంటింట్లోంచి నడవలోకి తొంగి చూశాను. మా ఆయన తువ్వాలు కళ్ళకు అడ్డంగా బిగించి కట్టుకుని, ఎడమ చెయ్యి గోడకు ఆనించి, పెదాలతో ఏదో లెక్కపెడుతూ మంచం దగ్గర నుంచి స్నానాలగది వైపు నడుస్తున్నారు. పదకొండు దగ్గర కాలికి గడప తగిలింది. ఆగి, వెనక్కి తిరిగి, మంచం దాకా వెళ్ళి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టారు. నేను కదలకుండా నిలబడి మూడుసార్లు చూశాను. మూడోసారి గడప తగలలేదు. ఆయన ముఖంలో కాస్త తృప్తి కనిపించింది. ఆ తృప్తి చూశాక నాకు ఒళ్ళు మండింది.

దానికి నాలుగు రోజుల ముందు బెంగళూరులో కళ్ళ డాక్టరు చెప్పారు, రెండు కళ్ళలోనూ నీటికాసులని. చూపు అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటూ వస్తుందట. పోయింది తిరిగి రాదు. మిగిలినదాన్ని చుక్కల మందుతో కొన్నాళ్ళు నిలపవచ్చు, ఒక ఏడాది, అదృష్టం ఉంటే ఇంకొంచెం. నొప్పి లేని జబ్బు కాబట్టి మాకు తెలియలేదు. మా ఊరి బంగారు గని నడిచినన్నాళ్ళూ అందులో పనిచేసే ఆయనకు ఏటా కంటి పరీక్ష ఉండేది. గని మూతపడ్డాక పన్నెండేళ్ళు ఆయన కళ్ళు ఎవరికీ అవసరం పడలేదు, నాతో సహా.

నేను వెళ్ళి తువ్వాలు లాగేశాను. ఏం చేస్తున్నారని అడిగితే, ఆయన వెలుతురుకు కళ్ళు చికిలించి, చాలా మామూలుగా చెప్పారు.

"ప్రాక్టీసు. ఇంగొక సంవత్సరం ఉండాది కదా. అంతలో ఇల్లంతా కాళ్ళకి నేర్పిచ్చేస్తే, ఆమీట ఎవురికీ బరువుండను."

"చీకటి ఎప్పుడు రావాల్నో అప్పుడొస్తాది. ఇప్పుడే ఎదురుబోయి పిల్చుకోనొస్తారా?" అన్నాను.

ఆయన నా చేతిలోంచి తువ్వాలు తీసుకుని మడిచి భుజాన వేసుకున్నారు. మధ్యాహ్నం నేను కునుకు తీసి లేచేసరికి మళ్ళీ తువ్వాలు కట్టుకుని, ఈసారి వంటింటి దారి నేర్చుకుంటున్నారు. అప్పుడు నాకు సంగతి అర్థమైంది. మిగిలిన ఒక్క ఏడాది చూపును ఈ మనిషి చూడకుండా ఉండటం నేర్చుకోవడానికే ఖర్చుపెట్టబోతున్నాడు. నేను అలా జరగనివ్వదలచుకోలేదు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం పోయిన నెల మా ఇంటికి వచ్చిన ఒక అమ్మాయి. బెంగళూరు నుంచి మా ముందుగదిలో ఉన్న ఇత్తడి యంత్రాన్ని చూడటానికి వచ్చింది. చూసింది, ఫోటోలు తీసుకుంది, గోడ మీద మా ఇద్దరి పటం దగ్గర ఆగింది. పటంలో ఆయన రాగి కళ్ళద్దాలు నుదుటి మీదికి ఎత్తి ఉన్నారు, నేను చీర మీద తోలు బెల్టు బిగించి ఉన్నాను. కథ తెలిసినట్టుంది, "అయ్యో పాపం, అప్పటికే చూపు పోతోంది కదా" అంది. పక్క కుర్చీలో కూర్చుని ఆయన విన్నారు. నాకు డెబ్భై రెండేళ్ళు. ముప్ఫై మూడేళ్ళు రాబర్ట్‌సన్‌పేట బడిలో లెక్కలు చెప్పాను. తప్పు లెక్కను తప్పని చెప్పకుండా ఊరుకోవడం నాకు చేతకాదు. ఆ "అయ్యో" తప్పు లెక్క.

ముందు ఆయన పని సంగతి చెప్పాలి. ఆయన వైండర్ డ్రైవరు. గని షాఫ్టు అనే నిలువు బావిలోకి మనుషుల్నీ రాయినీ దించి, పైకి లాగే ఇనుప గదిని కేజి అంటారు. ఆ కేజి తాడు పెద్ద డ్రమ్ము మీద చుట్టుకునే యంత్రాన్ని నడిపేవాడు వైండర్ డ్రైవరు. షాఫ్టుకు కాస్త దూరంగా వేరే ఇంట్లో కూర్చుంటాడు. కేజి ఎక్కడుందో కంటికి కనిపించదు. ఎదురుగా ముల్లు తిరిగే డయలు ఒకటి, డ్రమ్ము అంచున సుద్ద గుర్తులు, కింద నుంచి వచ్చే గంట, అంతే. ఒక గంట కొడితే ఆపు, రెండు కొడితే దించు, మూడు కొడితే మనుషులు ఎక్కుతున్నారు. మూడు విన్నాక వేగం వేరు, చెయ్యి వేరు, ఊపిరి కూడా వేరని ఆయన అనేవారు. ఆ ఇంటి గోడ మీద నాలుగు భాషల్లో బోర్డు ఉండేది, డ్రైవరుతో మాట్లాడరాదని. ఆయన ఆ బోర్డును ఇంటికి కూడా మోసుకొచ్చారు. ఆయన చేతిలో ఏదైనా ఉందంటే మేమెవరం మాట్లాడేవాళ్ళం కాదు. గడ్డం గీసుకుంటున్నా, దీపంలో నూనె పోస్తున్నా, బిడ్డను ఎత్తుకున్నా సరే. మా అమ్మాయి హేమ నాలుగేళ్ళకే నేర్చుకుంది, నాయన చేతిలో లోటా కింద పెట్టేదాకా ఆగి, అప్పుడు అడగాలని.

మా అత్తగారు షిఫ్టు మారే సైరను కూయగానే సంగటి దించి మూతపెట్టేది. పదినిమిషాలకొకసారి మూత ఓరగా తీసి ఆవిరి వస్తోందా అని చూసేది. ఆవిరి ఉండగానే కొడుకు గుమ్మం ఎక్కితే ఆ పూట షాఫ్టులో అందరూ క్షేమమని ఆమె నమ్మకం. ఆవిరి ఆగిపోయినా ఆయన రాకపోతే మళ్ళీ పొయ్యి మీద పెట్టి ఆవిరి తెప్పించేది, అదేదో ఆయన్ని త్వరగా రప్పిస్తుందన్నట్టు. ఆయన కోటుకు గ్రీజు వాసన, ఇత్తడి తోమే మందు వాసన. ఎండాకాలం పడమటి గాలి తిరిగితే, బంగారం తీశాక పారబోసిన సైనైడ్ దిబ్బల సన్నటి తెల్లమట్టి దుప్పట్లలోకి వచ్చి పడేది, అన్నంలో పంటికింద కరకరలాడేది. ఆ మట్టిని తిట్టుకుంటూ విదిలించేవాళ్ళం. గని మూతపడ్డాక సైరను ఆగింది. మట్టి మాత్రం ఆగలేదు.

హేమ బెంగళూరులో ఒక యంత్రభాగాల కంపెనీలో నమూనాలు గీసే పని చేస్తుంది. ఆ జూన్‌లోనే ఫోను చేసి తువ్వాలు సంగతి చెప్పాను. మరుసటి ఆదివారం భర్తతో వచ్చి, నాయన్ని ఏమీ అడగకుండా కారెక్కించింది. ముళబాగిలు వెళ్ళి దోసెలు తిన్నాం. హైవే పక్కన కూర్చుని, చిత్తూరు వైపు పోయే లారీలను ఆయన గంటసేపు చూశారు. చూపు అంచులు పోయాయి కాబట్టి తల తిప్పుతూ లారీని మొదటి నుంచి చివరి దాకా వెంబడించాలి. ఎలా ఉందని హేమ అడిగితే, "షాఫ్టు అడుగున నిలబడి పైకి చూసినట్టుండాది. వెలుగు రూపాయి బిళ్ళంత. ఆ బిళ్ళలోనికి ఏదొస్తే అది బాగానే కనబడతా ఉండాది" అన్నారు. అయితే ఆ బిళ్ళలోకి వీలైనన్ని తెద్దామని ఆ పూట మేమిద్దరం నిశ్చయించుకున్నాం. తర్వాతి వారం బేతమంగళం చెరువు. ఆ తర్వాత టేకల్ బండలు. అంతరగంగ మెట్లు ఎక్కేటప్పుడు ప్రతి మెట్టూ నేను లెక్కపెట్టి చెప్పబోతే, "నువ్వు చెప్పొద్దు, నేను చూస్తా ఉండాను కదా" అని విసుక్కున్నారు. ఆ విసుగు విని నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

స్టీమ్‌పంక్ అనే మాట హేమ తెచ్చింది ఆగస్టులో. ఆవిరి యంత్రాల కాలం ఆగిపోకుండా అలాగే సాగి ఉంటే లోకం ఎలా ఉండేదో ఊహించుకుని, ఇత్తడి చక్రాలూ తోలు బెల్టులూ పెద్ద కళ్ళద్దాలూ వేసుకుని మనుషులు ఒకచోట కలుస్తారట. బెంగళూరులో అలాంటివి జరుగుతున్నాయి, పోదాం రమ్మంది. ఆయన శ్రద్ధగా విని, "ఆగిపోకుండా సాగి ఉంటేనా? అయితే మన ఊర్ని చూసి చేసినట్టుండారే" అన్నారు.

మారికుప్పం నుంచి రైల్లో వెళ్ళాం. హేమ ఆయనకు రాగి చట్రంతో కళ్ళద్దాలు చేసింది. నాకు టోపీ పెట్టాలని చూసింది, కొప్పు మీద నిలవలేదు. చీర మీద తోలు బెల్టు కట్టి, దానికి నా బడి సామాను వేలాడదీసుకున్నాను. చెక్క కోణమానిని, పెద్ద వృత్తలేఖిని, కొలత టేపు. బంగారపేట దగ్గర వేరుశెనక్కాయలమ్మే ఆమె మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, ఏ నాటకం కంపెనీ అమ్మా అని అడిగింది. మా సొంత కంపెనీయే అన్నాను. ఆమె నవ్వి ఒక పిడికెడు కాయలు ఎక్కువ వేసింది.

అక్కడ హాలు నిండా కుర్రవాళ్ళు. ఒక యువకుడు ఛాతీ మీద ఇత్తడి పలక తొడుక్కున్నాడు, దాని మీద మూడు పళ్ళచక్రాలు ఒకదానితో ఒకటి కరుచుకుని ఉన్నాయి. బహుమతి అతనికే వచ్చింది. మా ఆయన అతని దగ్గరికి వెళ్ళి, ఆ మూడింటినీ తన రూపాయి బిళ్ళంత చూపులోకి ఒక్కొక్కటిగా తెచ్చుకుని, వేలితో ముట్టుకుని, "ఇది తిరగదు నాయనా" అన్నారు. యువకుడికి అర్థం కాలేదు. నేను చెప్పాను. మొదటిది కుడికి తిరిగితే రెండోది ఎడమకు తిరగాలి, మూడోది రెండింటితోనూ కరుచుకుని ఉంది కాబట్టి అటూ తిరగలేదు, ఇటూ తిరగలేదు, మూడూ బిగుసుకుపోతాయి. అతను మర్యాదగానే నవ్వి, ఇది చూడటానికే ఆంటీ, తిరగడానికి కాదన్నాడు. తిరుగు రైల్లో టేకల్ దాటేదాకా ఆయన ఒళ్ళో వేలితో చక్రాలు గీస్తూ కూర్చున్నారు. తర్వాత హేమతో అన్నారు, తిరిగేది ఒకటి మనం చేద్దామని.

ఆ మాటతో తువ్వాలు మూలపడింది. ఆరు వారాలు ముందుగది నిండా ఇత్తడి పొడి. పొడుగు మూతి కోసేసిన పాత చిన్న బిందె డ్రమ్ము అయింది. దాని చుట్టుకొలత నేనే టేపుతో మూడుసార్లు కొలిచాను, పద్దెనిమిది అంగుళాలు. ఆరడుగుల షాఫ్టుకు డెబ్భై రెండు అంగుళాల తాడు, అంటే సరిగ్గా నాలుగు చుట్లు, ఒకే వరస. చుట్టు మీద చుట్టు పడితే లెక్క మారిపోతుంది కాబట్టి హేమ డ్రమ్ము మీద తాడుకు గాడి తీసింది. పాత గోడ గడియారపు ముఖం డయలు అయింది, నాలుగు చుట్లకు ముల్లు ఒక్కసారి తిరిగేలా పళ్ళచక్రాల లెక్క నాది. కుడిచేతికి తిప్పే పిడి, ఎడమచేతికి బ్రేకు. చిన్న కేజి చెక్క చట్రంలో కిందికీ పైకీ జారుతుంది. అంతా అయ్యాక ఆయన డ్రైవరు కుర్చీకీ షాఫ్టుకూ మధ్య నల్లగుడ్డ తెర కట్టమన్నారు. చూసేవాళ్ళకు కనబడుతుంది కదా, మీకెందుకు తెర అని హేమ అడిగింది. డ్రైవరు కేజిని చూడకూడదు, చూస్తే అది వైండరు కాదు, బావిలో బొక్కెన అన్నారు.

అక్టోబరులో దాన్ని విప్పి, మూటలు కట్టి, మళ్ళీ రైలెక్కించాం. ఆట ఏమిటంటే, తెర అవతలి వాళ్ళు కేజిలో ఒక కోడిగుడ్డు పెట్టి రెండు గంటలు కొడతారు. ఈయన చూడకుండా దాన్ని అడుగుకు దించాలి. అడుగున చెక్క కాదు, పలకరాయి. మొదటి రోజు పంతొమ్మిది గుడ్లు దించారు, పగిలింది ఒకటే. మైకు పట్టుకున్నాయన ఈ పెద్దాయన ఆవిరి ఇంజను డ్రైవరని గొప్పగా పరిచయం చేశాడు. ఈయన లేచి మైకు అడిగి తీసుకున్నారు. "నేను ఆవిరి ఇంజను తోలలేదు. నాది కరెంటు వైండరు. ఆవిరి మా తాత కాలంలోనే పోయింది. అబద్ధానికి చప్పట్లు వద్దు" అని కూర్చున్నారు. అంతకు ముందు కొట్టిన చప్పట్ల కంటే ఆ తర్వాత కొట్టినవే ఎక్కువ.

డిసెంబరులో మళ్ళీ వెళ్ళాం. ఆ మధ్య ఆదివారాల్లో మామిడితోటలు, చెరువులు, ఒకసారి ఊరికే రైలెక్కి ఎక్కడా దిగకుండా తిరిగి రావడం. చూపు మాత్రం దాని పని అది చేసుకుపోతూనే ఉంది. రూపాయి బిళ్ళ అర్ధరూపాయి అయింది. డయలు మీది అంకెలు కనిపించక, హేమ ముల్లుకు తెల్లరంగు వేసింది.

జనవరిలో బూదికోట వెళ్ళాం. అక్కడ ఆయన అన్నగారు, మా బావగారు, రాగులు, మామిడి, పట్టుగూళ్ళు చూసుకుంటూ ఉంటారు. మంచి మనిషి. గని మూతపడ్డ ఏడాది మాకు ఒక్కసారి కూడా రాగులు కొనే పని పెట్టలేదు. మేము కోట ఎక్కి దిగి వచ్చేసరికి బావగారు పట్టుగూళ్ళ షెడ్డు ముందు నిలబడి ఉన్నారు. తమ్ముడిని లోపలికి పంపి, నాతో మాట్లాడాలన్నారు. బంధువుల ఫోనుల్లో మా పటాలు తిరుగుతున్నాయట, జనం నవ్వుతున్నారట. అంతవరకైతే నేను పట్టించుకునేదాన్ని కాదు. తర్వాత అన్న మాట గట్టిది.

"సరోజమ్మా, వేషాల సంగతి ఇడ్సు. వానికి యాడ గోడ ఉండాదో, యాడ గడప ఉండాదో అలవాటు చేయాల్సిన టైము ఇది. వాడే చేస్తా ఉన్న్యాడంట కదా, నువ్వు మాన్పిచ్చినావంట. రేపు వాడు పడితే ఎవురు లేపేది?"

"గోడలు యాడికీ పోవు బావగారూ. వచ్చే ఏడు కూడా ఆడనే ఉంటాయి. చెరువు చూసేది, కోట చూసేది వచ్చే ఏడుకి ఉండదు."

"నీ మొండితనానికి వాని ఎముకలు పెట్టొద్దు తల్లీ."

"ఎముకలు అతుక్కుంటాయి" అన్నాను. అనవలసిన మాట కాదు, పెద్దవారితో అసలే కాదు. అయినా వెనక్కి తీసుకోలేదు. బావగారు ఆ రోజు మా వెంట బస్సు దాకా రాలేదు. దారిలో మా ఆయన, అన్న చెప్పింది తప్పు కాదేమో అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తువ్వాలు మళ్ళీ బయటికి వస్తుందేమోనని మర్నాడు ఉతికి, మడిచి, బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇది కూడా రాస్తున్నాను, నేను నిబ్బరంగా ఉన్నానని ఎవరూ అనుకోకూడదని.

ఫిబ్రవరి కార్యక్రమం మామూలుగానే గడిచింది. మార్చిలో కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమకన్నులో కాస్త కిటికీ మిగిలింది, అందులోంచి డయలు కనిపించదు. మే నెల కార్యక్రమానికి యంత్రం మూట కడుతుంటే ఆయన వద్దన్నారు. కంటి పరీక్ష తప్పిన డ్రైవరును కుర్చీలో కూర్చోబెట్టరు, అది రూలు అన్నారు. హేమ వాదించలేదు. డ్రమ్ము అంచున చుట్టుకొకసారి వేలికి తగిలేలా ఒక రాగి బొడిపె అతికించి, ఆయన బొటనవేలు పట్టుకుని దాని మీద పెట్టింది. ఆయన నాలుగు రోజులు ఆలోచించి ఒక తీర్పు చెప్పారు. రాయి అయితే తోల్తాను, మనుషులైతే తోలను. గుడ్డు రాయి కిందే లెక్క అని మేము సంతోషంగా ఒప్పుకున్నాం.

ఆ ఆదివారం పదకొండు గంటలకు మొదలుపెట్టి పన్నెండున్నర లోపల ఇరవై రెండు గుడ్లు దించారు, డయలు కనిపించకుండా, బొటనవేలితో. ఒక్కటీ పగల్లేదు. ఆ సంగతి నేను ఎవరికైనా ఎన్నిసార్లయినా చెబుతాను. అప్పుడు ఐదారేళ్ళ పాప ఒకతె వాళ్ళమ్మతో వచ్చింది. గుడ్డు కాకుండా తన బొమ్మను కేజిలో కూర్చోబెట్టింది. ఎన్ని గంటలు కొడితే ఏమిటో రాసి మేము గంట పక్కన తగిలించిన పలక వాళ్ళమ్మ చదివి చెప్పినట్టుంది, పాప మూడు గంటలు కొట్టింది.

ఆయన రెండు చేతులూ యంత్రం మీద నుంచి తీసేశారు. పిడి వదిలి, బ్రేకు బిగించి, లేచి నిలబడ్డారు. యంత్రం చెడిపోయిందనుకుని మైకు మనిషి ఏదో హాస్యమాడాడు. పాప మళ్ళీ మూడు కొట్టింది. ఆయన కదల్లేదు. జనం గొణుగుడు మొదలైంది. అది బొమ్మ కదా నాయనా అని హేమ చెవిలో చెప్పింది.

"మూడు కొట్టినారు. మనుషులు ఎక్కినట్టే. కొట్టింది బొమ్మ కోసమో ఎవురి కోసమో డ్రైవరుకి కనబడదు కదా. కంట్లో చూపు లేనోడు మనుషుల్ని తోలకూడదు" అన్నారు. కోపంగా కాదు. రేపటి షిఫ్టు ఎవరిదో చెప్పినట్టు. తర్వాత నేనున్న వైపు ముఖం తిప్పారు. "సరోజా, నీకు లెక్క తెలుసు. నువ్వు కూర్చో."

నేను ఆ యంత్రం పళ్ళు లెక్కపెట్టాను, తాడు కొలిచాను, కానీ ఒక్కసారి కూడా పిడి పట్టలేదు. కూర్చున్నాను. కుర్చీ వెచ్చగా ఉంది. హాల్లో మనుషులు ఎంతమందో ఆ రోజు లెక్కపెట్టలేదు, అంత ధైర్యం లేదు. డయలు మీద తెల్లముల్లు ఒక్కటే చూశాను. మొదటి చుట్టు. రెండో చుట్టు. ఆయన నా కుర్చీ వెనక నిలబడ్డారు, ఊపిరి వినబడుతోంది, ఒక్క మాట మాట్లాడలేదు. మూడో చుట్టు. తెర అవతల ఏముందో తెలియదు. ఒక పాప ఉందని తెలుసు, ఆ పాపది ఏదో నా చేతిలో వేలాడుతోందని తెలుసు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆయన ఇలా కూర్చుని ఇంటికొచ్చి సంగటి తిన్నారని నాకు అప్పుడు, ఆ కుర్చీలో, తెలిసింది. మూడుంబావు దగ్గర నెమ్మది చేసి, నాలుగుకు కొంచెం ముందే బ్రేకు వేశాను. ఒక గంట మోగింది.

"ఎంత?" అన్నారు వెనకనుంచి.

హేమ తెర అవతలికి వెళ్ళి టేపు పెట్టి చూసింది. అర అంగుళం పైన ఆగిందని చెప్పింది.

"అర అంగుళమంటే దిగేటప్పుడు కాలు తట్టుకుంటాది. ఇంగ దించు."

ఇంకా దించాను. పలకరాయికి తగిలిన చప్పుడు వినిపించింది. పాప బొమ్మను తీసుకుని, దాని జుట్టు సర్ది, వాళ్ళమ్మ వెంట వెళ్ళిపోయింది. చప్పట్లు కొట్టడం ఎప్పుడు మొదలుపెట్టాలో జనానికి తెలియలేదు. నాకు అదే బాగుంది. రైల్లో ఆయన నా కుడిచెయ్యి పట్టుకుని మణికట్టు తిప్పి చూపిస్తూ, ఆపేటప్పుడు భుజంతో కాదు ఇక్కడితో ఆపాలి అని మాలూరు నుంచి బంగారపేట దాకా పాఠం చెప్పారు. లెక్కల టీచరుకు పాఠం చెప్పే అవకాశం ఆయనకు ఎప్పుడూ దొరకలేదు.

జూలై మూడో వారానికి ఎడమకన్ను కూడా పోయింది. డాక్టరు చెప్పిన ఏడాదికి ఐదు వారాలు ఎక్కువ. సెప్టెంబరులో, బావగారు అన్నట్టే, ఆయన స్నానాలగది గడప తట్టుకుని పడ్డారు. ఎడమ మణికట్టు విరిగింది. బావగారికి కబురు చేస్తే, చెప్పాను కదా అని కబురు పంపారు. ఆయన చెప్పింది నిజమే. నేను అబద్ధమనలేదు. ఆ కట్టుతోనే మా ఆయన ఇల్లు నేర్చుకోవడం మొదలుపెట్టారు. మంచం నుంచి స్నానాలగదికి పది అడుగులు, వంటింటికి పదిహేడు, వీధి గుమ్మానికి ఇరవై ఒకటి. మొత్తం ఇల్లు కాళ్ళకు వచ్చేసరికి పదకొండు వారాలు పట్టింది. యాభై రెండు వారాలు పెడదామనుకున్న పనికి పదకొండు వారాలు చాలాయి. మిగతా నలభై ఒకటి మేము వాడుకున్నాం.

ఇప్పుడు బెంగళూరులో ఆ కార్యక్రమాలు పెద్దవయ్యాయట. మా ఊరికి కూడా జనం వస్తున్నారు. తుప్పు పట్టిన షాఫ్టు టవర్ల ముందు ఇత్తడి కళ్ళద్దాలు పెట్టుకుని ఫోటోలు దిగుతారు, మమ్మల్ని చూసి మెల్లగా మాట్లాడతారు, చావింటికి వచ్చినట్టు. మెల్లగా మాట్లాడనక్కరలేదు. అప్పుడు సైరను కూస్తే పరుగెత్తేవాళ్ళం, ఇప్పుడు కూయదు, పరుగెత్తం, అంతే తేడా అని ఊరుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. మేము గని పోయిన పన్నెండేళ్ళ తర్వాత, కళ్ళు పోతున్న ఏడాదిలో, మూటలు కట్టుకుని రైలెక్కాం. గడిచిన వాటిలో ఏ ఏడాది మళ్ళీ కావాలని ఎవరైనా అడిగితే, ఆయన ముప్ఫై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలోంచి ఒకటి ఎంచరు, నేను నా ముప్ఫై మూడులోంచి ఎంచను. పోయిన నెల ఆ అమ్మాయి వెళ్ళాక ఆయన అన్నదీ ఇదే, ఇంకొంచెం మోటుగా.

అయినా పోయినవి పోలేదని చెప్పడం లెక్క కాదు. ఆ ఏడాదికి, దాని వల్ల, పోయినవి ఇవి.

కుడికన్ను, మార్చిలో. ఎడమకన్ను, జూలైలో. ఎడమ మణికట్టు, అతుక్కుంది కానీ బరువు మొయ్యదు. మా బావగారి రాకపోకలు, ఇప్పటికి పదేళ్ళుగా లేవు. టోపీ ఒకటి, టేకల్ దగ్గర కిటికీలోంచి. కోడిగుడ్లు ఏడు. యాభై రెండు ఆదివారాల్లో ముప్ఫై ఒకటి వెళ్ళాం. వెళ్ళనివాటిలో వాన వల్ల ఆరు, పెళ్ళిళ్ళ వల్ల మూడు, జ్వరం వల్ల రెండు, రైళ్ళు లేక రెండు. ఇంకా ఎనిమిది ఆదివారాలు ఉన్నాయి. ఆ రోజుల్లో వాన లేదు, జ్వరం లేదు, రైళ్ళు నడిచాయి, ఆయనకు చూపు ఉంది. మేమే వెళ్ళలేదు.